వేలు లేని చెయ్యి

వీధి చివర చేతిగంట వినబడింది అన్న దగ్గర కదా ఆగాం. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్ళు విసుక్కోకండి.

మా అన్న హామో ఆదివారం తెల్లవారుజామున చచ్చిపోయాడు. జ్వరం వచ్చి, ఒకటిన్నర రోజు మూలిగి, ఫాదర్ని పిలవండి అనే ఓపిక కూడా లేకుండా పోయాడు. ఆ సంగతి నాకూ మా వదిన ఆవిస్‌కూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాడు మా గొడ్ల కొట్టంలో గడ్డి కింద ఉన్నాడు. పెట్టింది మేమే. మా మెర్‌కోట్ ఆచారం అలాంటిది మరి. ఇంటి మగవాడు పోతే ఆ ఇంట్లో అన్నిటికంటే మేలైన పశువు దొరగారిది, దాని తరువాతది చర్చిది. పోయినవాడి కాళ్ళు చల్లబడకముందే దొరగారి పెత్తందారు ఫుల్క్ తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు.

ఇంకో కాలమైతే ఏడ్చి ఇచ్చేసేవాళ్ళం. రెండేళ్ళు వరసగా వాన ఆగకుండా పడింది, చేలో పైరు నిలబడ్డచోటే కుళ్ళింది. ఆ వెనకే గొడ్లకు తెగులు వచ్చింది. ఊరి నాగలికి కట్టడానికి మిగిలిన ఎద్దుల్లో ముందు నడిచే సత్తా ఉన్నది మా బ్రూన్ ఒక్కటే. అది కదిలితేనే వెనక బక్క ఎద్దులు కదులుతాయి. బార్లీ చల్లే అదను నడుస్తోంది. ఇప్పుడు బ్రూన్‌ని తోలుకుపోతే బార్లీ పడదు. బార్లీ పడకపోతే వచ్చే చలికాలం ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలిగించే పని ఉండదు. విత్తనం పడేదాకా హామో జ్వరంతో మంచం మీద ఉన్నాడని చెబుదాం, ఏడవడం ఆ తరువాత ఏడుద్దాం అంది వదిన. నేను సరేనన్నాను. వాడి బదులు ఎద్దుల పక్కన పాట పాడుతూ నేను నడిచాను. బ్రూన్ వాడి గొంతుకు కదులుతుంది, లేకపోతే నా గొంతుకు. పాలు మరవని దూడగా ఉన్నప్పటినుంచి దాన్ని పెంచింది నేను. పైగా నా గొంతు ఆడగొంతు కాదని చిన్నప్పటినుంచీ ఊరంతా వెక్కిరించేవారు. అన్నా నేనూ చీకట్లో మాట్లాడితే ఎవరు ఎవరో మా అమ్మకే తెలిసేది కాదు.

అంతా ఆలోచించాం అనుకున్నాం. ఎదురింటి ఇడోనీ మంచితనాన్ని మాత్రం మరిచిపోయాం. హామోకు జ్వరం తగ్గడం లేదని వదిన నోటినుంచి విన్న ఆ పిచ్చితల్లి ఊరుకుంటుందా? ఆఖరి తైలం పడకుండా పోతే మనిషి ఏమైపోవాలి అని ఏడుస్తూ వర్షంలో పరుగెత్తి ఫాదర్ ఓస్మండ్‌ని బయల్దేరదీసింది. జబ్బు అని అబద్ధమాడితే ఫాదర్ వస్తాడన్న సంగతి మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. మా ఇద్దరికే ఎలా తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇదీ సంగతి. గంట దగ్గర పడుతోంది.

వదిన తలుపు సందులోంచి చూస్తోంది. "ముందు ఇడోనీ గంట కొడుతోంది. దాని వెనక ఫాదర్. ఆయన వెనక ఫుల్క్."

"తాడుందా?"

"తాడు లేకుండా వాడు పెళ్ళికి కూడా వెళ్ళడు. ఉంది." తలుపు మూసి నా వైపు తిరిగింది. "మంచం ఎక్కు."

"ఏంటీ?"

"మీ అన్న టోపీ తలకి లాక్కో. గొంగళి కప్పుకో. ఫాదర్‌కి కళ్ళలో పొరలు, అరచెయ్యి దూరంలో ఉన్నదే కనపడదు. ఇంట్లో పొగ. నీ గొంతు ఎలాగూ మీ అన్న గొంతే. ఎక్కవే!"

"నీకేమైనా మతి పోయిందా వదినా? అది చావబోయేవాళ్ళ తైలం! ఉత్త నూనె కాదు, పుయ్యగానే కడిగేసుకోవడానికి."

"నువ్వేదో బతికున్నట్టు మాట్లాడతావేంటి? అద్దె లేకుండా శ్మశానంలో ఉంటున్నాం మనం. ఎక్కు."

మీకు నవ్వొస్తుందేమో, నాకు రాలేదు. ఆఖరి తైలం తగిలి కూడా మళ్ళీ లేచి కూర్చున్నవాళ్ళను మా ఊరు బతికున్నవాళ్ళలో కలపదు. వాళ్ళు ఉత్తి కాళ్ళతో నేల తొక్కకూడదు. మాంసం ముట్టకూడదు. పాట పాడకూడదు. మిల్లు దగ్గర రోహేస్ అలాగే లేచింది. దాని మొగుడు పక్కమీదికి రావడం మానేశాడు, పిల్లలు దాన్ని చూసి వీధికి ఆ పక్కనుంచి పోయేవారు. చివరికి అదే విసిగిపోయి నిజంగా చచ్చిపోయింది.

అయినా మంచం ఎక్కాను. ఎద్దు కోసం ఎక్కాను, బార్లీ కోసం ఎక్కాను, అది అందరికీ తెలిసిన కారణం. నా కారణం నాకు ఇంకొకటుంది. మా అన్న తైలం లేకుండా పోయాడు. ఆదివారం నుంచీ ఆ మాట నన్ను కొరుక్కు తింటోంది. వాడి పేరు చెప్పి, వాడి టోపీ మీద, వాడి మంచం మీద ఫాదర్ చదివే మాటల్లో ఏ ఒక్కటైనా కొట్టం తడిక దాటి గడ్డి కిందికి చేరదా అని ఆశ. నవ్వుకోండి కావాలంటే.

వదిన పొయ్యిలో గుప్పెడు మాచిపత్రి వేసింది. ఇల్లంతా పొగ చుట్టుకుంది. మా ఇల్లు మీ ఇళ్ళలాంటిదే, ఒకటే కప్పు, ఇటు మనుషులు, అటు గొడ్లు, మధ్యలో తడిక. తలుపు తెరుచుకునేసరికి నేను గొంగళి ముక్కుదాకా లాక్కున్నాను. అది ఇంకా అన్న వాసనే వస్తోంది.

"ఈ ఇంటికి శాంతి కలుగుగాక," అన్నారు ఫాదర్ ఓస్మండ్. ఆయన గొంతు కూడా ఆకలి గొంతే. ఊళ్ళో అందరం సన్నబడ్డాం, ఆయన మాత్రం బట్టలు తగిలించిన కొయ్యలా అయిపోయారు. తన వంతు బఠాణీలు ఎవరికి పెడతారో మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకు తెలియదు.

"ఫాదర్, దగ్గరికి పోకండి, అంటుకుంటుంది," అంది వదిన.

"ఈ చేతులతో ఎంతమందిని గుంటలో దించానో నీకు తెలుసు కదమ్మా. నాకేం అంటుకోలేదు. దేవుడికి కూడా నేను రుచించలేదు లాగుంది." చిన్నగా నవ్వారు. "అందరూ బయటికి నడవండి. హామో నాతో మాట్లాడాలి."

"ఎంతసేపు పడుతుంది?" గుమ్మంలోంచి ఫుల్క్ గొంతు.

"ఆత్మకి ఎంతసేపు పడితే అంతసేపు. నువ్వెందుకు వచ్చావసలు?"

"నేనా? పరామర్శకి."

"తాడుతోనా?"

"జారుడుగా ఉంది ఫాదర్, పట్టుకు నడవడానికి," అన్నాడు ఫుల్క్. బయట ఇడోనీ వాణ్ణి ఏదో తిట్టింది. తలుపు పడింది. వదిన తడిక అవతలికి, కొట్టంలోకి వెళ్ళింది. వెళ్ళిందే కానీ నాలుగడుగులు కూడా వెయ్యలేదు, తడికను ఆనుకుని నిలబడింది. దాని ఊపిరి నాకు వినపడుతోంది.

ఫాదర్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"హామో, వినపడుతోందా నాయనా?"

"ఊఁ," అన్నాను. అన్న గొంతే వచ్చింది. నాకే ఒళ్ళు జలదరించింది.

"ఓపిక లేకపోతే నేనే అడుగుతాను. అవునో కాదో చెప్పు, చాలు. పొరుగువాడి గట్టు జరిపావా?"

"కాదు."

"ఎవరినైనా పస్తుంచి నువ్వు తిన్నావా?"

ఈ కాలంలో అలాంటి ప్రశ్న ఎవరిని అడుగుతారండీ! "అవును," అన్నాను. అది నా తరఫున కూడా.

"అది అందరమూ చేశాం." ఆయన ఇంకా దగ్గరికి వంగారు. "మరి, నువ్వు కిందటి ఈస్టరుకి చెప్పుకున్నావే, ఆ సంగతి. నీ చెల్లెలికి చెప్పావా?"

నాకు అర్థం కాలేదు. అవును అనాలా, కాదు అనాలా తెలియలేదు. ఊరుకున్నాను.

"చెప్పలేదు," అన్నారు ఫాదర్. "అనుకున్నాను. చెబుతానని మాటిచ్చావనే కదా హామో, ఆ రోజు నిన్ను క్షమించి పంపాను? నీ తండ్రి పోతూ ఆ ఎర్ర దూడని నీ చెల్లెలు గున్నోరకి ఇచ్చాడు. ఇది నా పిల్లది, దీనిమీద ఎవరికీ హక్కు లేదు అన్నాడు. ఆ పిల్ల అప్పుడు మఠంలో సారా కాచే పనికి పోయింది, ఇంట్లో లేదు. మంచం పక్కన ఉన్నది నువ్వూ నీ భార్యా, అప్పటి ముసలి ఫాదరూ. ఆయన అదే చలికాలం పోయాడు. మీ ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆ పిల్ల తన ఎద్దుకి తనే గడ్డేస్తూ, మీ ముద్ద తింటున్నానని తల వంచుకుని బతికింది. ఇదంతా నువ్వు నాతో చెప్పినవే, నేను కల్పించినవి కావు."

నేను కప్పు వైపు చూస్తున్నాను. పొగ మెల్లగా పైకి పోతోంది.

"ఇప్పుడు పిలిచి చెప్పు నాయనా. నేను పిలుస్తాను. నువ్వు కళ్ళు మూస్తే ఫుల్క్ ఆ ఎద్దుని నీదని తోలుకుపోతాడు, నీది కానిదాన్ని. నా నోటితో నేను అడ్డుపడలేను, నీకు తెలుసు. పాపం చెప్పుకుంటుండగా విన్నది బయటపెట్టిన ఫాదర్‌కి ఏం శిక్షో తెలుసుగా? నా బట్టలు ఊడదీసి, ఏదో ఒక మఠంలో గోడల మధ్య బతికినంతకాలం పడేస్తారు. అది నాకు లెక్క కాదు. నేను చెబితే ఇక ఈ ఊళ్ళో ఎవడూ నన్ను నమ్మి నోరు తెరవడు. చావబోయేటప్పుడు కూడా తెరవడు. అందుకే నువ్వే చెప్పాలి."

ఎద్దు నాది.

ఒక్కసారి ఆలోచించండి. ఎద్దు నాదైతే అది పోయినవాడి సొత్తు కాదు. దొర ముట్టుకోడానికి లేదు. ఆదివారం పొద్దున్నే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే మేము తలుపులు బార్లా తెరిచి ఊరందరూ వినేలా ఏడ్చేవాళ్ళం. పెద్ద గంట మోగించేవాళ్ళం. నా అన్నను తెల్లటి గుడ్డలో చుట్టి మా అమ్మా నాన్నల పక్కన పడుకోబెట్టేవాళ్ళం. ఎద్దు మర్నాడు నాగలికి నడిచేది. గడ్డి అక్కర్లేదు, అబద్ధం అక్కర్లేదు, ఈ మంచం అక్కర్లేదు. అంతా ఉత్త పుణ్యానికి! కోపం ఎవరిమీద రావాలో కూడా తెలియలేదు నాకు. దాచినవాడు నా చేతుల మీదే పోయాడు. వాడికోసం ఇంకా సరిగ్గా ఏడవనన్నా లేదు.

తడిక అవతల ఊపిరి ఆగిపోయింది.

"ఏడవకు హామో," అన్నారు ఫాదర్. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "ముందు తైలం పూస్తాను. తరువాత పిలుస్తాను."

ఆయన బొటనవేలు నా కనురెప్పల మీద చల్లగా తగిలింది. కళ్ళు చేసిన పాపం క్షమించబడుగాక. తరువాత చెవులు. ముక్కు. పెదవులు. పెదవుల మీద తగలగానే పాట గుర్తొచ్చింది. రేపటినుంచి నేను పాడకూడదు. బ్రూన్ ఎవరి గొంతుకు నడవాలి?

"చేతులు ఇయ్యి నాయనా."

చేతుల సంగతి మేమిద్దరమూ మరిచిపోయాం. హామో కుడిచేతికి చూపుడువేలు లేదు. కుర్రతనంలో నాగలి గొలుసులో పడి పోయింది. ఊళ్ళో పిల్లలందరూ ఆ మొండి వేలు పట్టుకుని ఆడుకున్నవాళ్ళే.

ఎడమ చెయ్యి ఇచ్చాను. పూశారు. కుడి చెయ్యి ఇచ్చేటప్పుడు చూపుడువేలు లోపలికి మడిచి పెట్టాను. ఆయన అరచేతిలో తైలం పూసి, చేతిని మూయబోయి, ఆగారు. మళ్ళీ తడిమారు. చాలా నెమ్మదిగా, పసిపిల్ల పిడికిలి విప్పినట్టు, నా వేలు విప్పారు. వేలు పొడుగునా తన వేలితో రాశారు, గోరుదాకా.

బయట వాన చప్పుడు. ఫుల్క్ ఎక్కడో దగ్గాడు.

"ఎవరు నువ్వు?" అన్నారు ఫాదర్.

"గున్నోరని ఫాదర్."

"హామో?"

"కొట్టంలో ఉన్నాడు. గడ్డి కింద."

"ఎప్పుడు?"

"ఆదివారం."

ఆయన నా చెయ్యి వదిలిపెట్టలేదు. తిడతారనుకున్నాను. నరకం పేరెత్తుతారనుకున్నాను. నేల మీద అలాగే కూలబడిపోయి, "అయితే ఇంతసేపూ నేను చెప్పింది ఎవరికి?" అన్నారు.

"వాడు నన్ను నమ్మి చెప్పుకున్నదంతా నేనే... నా నోటితో నేనే..." ఆయన నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "ఈ ఊళ్ళో ఎంతమంది నన్ను నమ్మి పోయారు గున్నోరా. ఒక్కడి మాట కూడా బయటికి పోనివ్వలేదు. నాకున్నది అదొక్కటే."

"మీకు తెలియక జరిగింది ఫాదర్. మోసం చేసింది మేము. నేనెవరికీ చెప్పను. చచ్చినా చెప్పను."

"చెప్పకపోతే నీ ఎద్దు పోతుంది."

"పోనీయండి," అన్నాను. అనేశాక దాని అర్థం తెలిసింది.

అప్పుడు వచ్చింది వదిన తడిక పక్కనుంచి. దాని మొహం చూడగానే నాకు మంచం మీద ఉన్న సంగతి, బయట ఫుల్క్ ఉన్న సంగతి అన్నీ మరుపున పడ్డాయి. లేచి కూర్చున్నాను.

"నీకు తెలుసు," అన్నాను.

"మెల్లగా."

"తెలుసా లేదా?"

"తెలుసు."

"తెలిసి నా అన్నని గొడ్ల దగ్గర పడేయించావు. ఆదివారం పొద్దున వాడి కాళ్ళు నేను పట్టుకున్నాను, తల నువ్వు పట్టుకున్నావు. అప్పుడైనా చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"చెబితే ఏమయ్యేది?" అంది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది కానీ మెడ నరాలు పొంగాయి. "ఎద్దుని దొర తోలుకుపోడు, నువ్వు తోలుకుపోతావు. దాని బదులు ఇంట్లో ఉన్న ఒక్క ఆవుని దొర పట్టుకుపోతాడు. మొగుడు లేడు. పొలం దొరది. నాకు ఏం మిగులుతుంది? నీ గుమ్మంలో ఒక మూల. నీ ముద్ద. ఎన్నాళ్ళు పెడతావు నువ్వు నాకు?"

"నేను అంత కఠినురాలినా?"

"నువ్వు కాదే, నేను! ఇన్నేళ్ళూ నీకు ముద్ద ఎలా పెట్టానో నాకు తెలుసు. ఏమేం అంటూ పెట్టానో తెలుసు. అలాగే నువ్వూ నాకు పెడతావని భయమేసింది."

చెంప పగలగొడదామని చెయ్యి లేచింది నాకు. తైలం రాసిన చెయ్యి. కొట్టలేకపోయాను. ఎందుకంటే అది అన్నది నిజం. సరిగ్గా అలాగే పెట్టేదాన్ని. ప్రతి ముద్దకీ ఒక మాట చొప్పున, బాకీ తీరేదాకా.

"ఫాదర్!" ఫుల్క్ తలుపు కొట్టాడు. "చలికి కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి ఇక్కడ. ఏమయింది? ఉన్నాడా, పోయాడా?"

ముగ్గురమూ బిగుసుకుపోయాం. ఫాదర్ తలుపు వైపు మొహం తిప్పారు. ఆయన అబద్ధమాడడం నేను పుట్టాక చూడలేదు. "హామో ఆత్మ కోసం ప్రార్థించండి," అన్నారు.

అది నిజమే కదా. బయట ఇడోనీ బావురుమంది. నేను గభాలున వెనక్కి పడుకుని టోపీ మొహం మీదికి లాక్కున్నాను. తలుపు తోసుకుని ఫుల్క్ లోపలికి వచ్చాడు. టోపీ తీశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు, మర్యాదకు కాసేపు నిలబడ్డాడు. గొంగళి కింద నేను ఊపిరి బిగబట్టాను.

"మంచివాడు," అన్నాడు ఫుల్క్. "పాటగాడు. సరే ఆవిస్, నా పని నేను చేసుకుపోతాను. ఏమీ అనుకోకు."

తడిక వైపు నడిచాడు. అప్పుడు వినపడింది నాకు, ఆ చప్పుడు. ఎంతసేపటినుంచి వినపడుతోందో. కరకర, కరకర. వదిన మొహం తెల్లగా పాలిపోయింది. అది తడికకు చెవి ఆనించి నిలబడ్డంతసేపూ దాని వెనక బ్రూన్ తాడు తెంపుకుని గడ్డి తింటోంది. పాపం, దానికి కడుపు నిండా గడ్డి దొరికి ఎన్నాళ్ళయిందో.

ఫుల్క్ తడిక దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను గొంగళి తోసేసి లేచాను, ఇక దాచేదేముంది? లోపలికి వచ్చిన ఇడోనీ మంచం మీదినుంచి హామో లేచాడనుకుని కెవ్వుమని అరిచి గంట కింద పడేసింది. నేను దాన్ని దాటుకుని తడిక దగ్గరికి వెళ్ళాను.

బ్రూన్ నిమ్మళంగా నములుతోంది. దాని మూతి ముందు, పలచబడిన గడ్డిలోంచి, ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. చూపుడువేలు లేని చెయ్యి. ఎద్దు ఆ చేతిని ఒకసారి నాకి, పక్కన గడ్డి మేస్తోంది. వాడు దానికి రోజూ ఆ చేత్తోనే ఉప్పు పెట్టేవాడు.

"ఎన్నాళ్ళయింది?" ఫుల్క్ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆదివారం," అన్నాను.

"నా ఇంట్లో ముగ్గురు పోయారు," అన్నాడు. వాడి గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "ముగ్గురికీ గంట కొట్టించాను. ముగ్గురినీ మట్టిలో పెట్టాను. మా తమ్ముడు పోయినప్పుడు వాడి ఆవుని నేనే తోలుకెళ్ళి దొరకి అప్పజెప్పాను, ఆ పాలు తాగే పిల్ల చూస్తుండగా. నాకు ఈ తెలివి రాలేదు మరి."

వాడు తాడు విప్పి బ్రూన్ కొమ్ములకు వేశాడు. ఆచారం ప్రకారం కొమ్ము మీద చెయ్యి వేసి మూడుసార్లు అడగాలి. మూడోసారి దాకా ఎవరూ మాట్లాడకపోతే ఇక ఆ పశువు గురించి ఎప్పటికీ మాట్లాడడానికి లేదు.

"ఈ పశువు పోయిన హామోది. దొరగారి పేర పట్టుకుంటున్నాను. అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారా?"

నా నోట్లో మాట ఉంది. ఇది నాది. రెండే ముక్కలు. నీకెలా తెలుసు అని ఫుల్క్ అడుగుతాడు. ఎలా తెలుసో చెబితే ఫాదర్ పోతారు. చెప్పకపోతే బ్రూన్ పోతుంది, బార్లీ పోతుంది, ఊరు పోతుంది. ఫాదర్ తడికను పట్టుకుని నిలబడ్డారు. ఆయనకు చెయ్యి కనపడదు, గడ్డి కనపడదు. వినడమే.

"అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారా?"

వదిన వైపు చూశాను. చెప్పగలిగింది అదొక్కతే. మామగారి మంచం పక్కన తన చెవులతో విన్నది అది. ఎవరి రహస్యమూ బయటపెట్టకుండా చెప్పొచ్చు. చెబితే మాత్రం దానికంటూ ఏమీ మిగలదు. అది నన్ను చూస్తోంది. నేను తల ఊపలేదు, బతిమాలలేదు. ఏమని బతిమాలను?

ఫుల్క్ ఊపిరి పీల్చుకున్నాడు. "మూడోసారి అడుగుతున్నా. అడ్డు చెప్పేవాళ్ళు..."

"ఉన్నారు," అంది వదిన.

అందరమూ తిరిగి చూశాం. "అది మా ఆయనది కాదు. గున్నోరది. మా మామగారు పోతూ దానికిచ్చారు. మేము తినేశాం. నేనూ, మా ఆయనా. ఇప్పుడు చెబుతున్నా, అది గున్నోర ఎద్దు."

ఇన్నేళ్ళలో నా పేరు ఆ నోట అంత మెత్తగా వినడం అదే మొదలు. నా కళ్ళు నిండాయి. ఎంత తిట్టుకున్నానో ఆ క్షణం దాకా, అంతా ఎటో పోయింది.

ఫుల్క్ మాత్రం నవ్వాడు. "శవాన్ని మంచం మీద జ్వరంతో పడుకోబెట్టిన నోరు నీది. పొద్దున్నే కదా నాతో అన్నావు, జావ తాగాడు, కాస్త తేరుకున్నాడని? ఇప్పుడీ మాట నమ్మాలా? నీ మాటకి దొరగారి దగ్గర కుక్క కూడా తోక ఊపదు ఆవిస్. సాక్షి ఉన్నాడా?"

వదినకు ఏం తోచిందో నాకు ఒక్క క్షణం ముందే తెలిసిపోయింది. "వద్దు వదినా," అన్నాను. "వద్దు, ఆగు!"

అది నా వైపు చూడనన్నా చూడలేదు. చెయ్యి ఎత్తి తడిక దగ్గర నిలబడ్డ మనిషిని చూపించింది.

"ఉన్నారు. ఫాదర్‌కి తెలుసు. అడుగు ఆయన్ని."

తైలం గిన్నె ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఫుల్క్ తాడు వదలకుండానే ఆయన వైపు తిరిగాడు. "ఏం ఫాదర్? నిజమేనా? మీకెలా తెలుసు?"

ఫాదర్ ఓస్మండ్ గిన్నెను తడుముకుంటూ జాగ్రత్తగా నేల మీద పెట్టి, నిటారుగా నిలబడి, నోరు తెరిచారు. ఇవాళ్టికి ఇక్కడ ఆగుదాం.